గుండె కండరానికి జన్యువు చేరేదెలా? పాఠకుల ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద. ‘ఒక్క ఇంజెక్షన్‌తో పాడైన గుండె బాగవుతుంది’ అనే వీడియో కోనసీమలో ఫోనున్న ప్రతివాళ్ళకీ అందినట్టుంది. ఆ ఉత్తరాల్లో కొన్ని ఏరి, పేర్లు తీసేసి, ఊళ్ళు మాత్రం ఉంచి జవాబులు రాస్తున్నాను. మొదటి జవాబు బాగా పెద్దది. అది చదివితే తక్కినవి తేలిగ్గా అర్థమవుతాయి కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మా తమ్ముడికి 31 ఏళ్ళు. ఆయాసం, కాళ్ళవాపులు వస్తే కాకినాడ తీసుకెళ్ళాం. గుండె పెద్దదైందనీ, పంపింగ్ 25 శాతమే ఉందనీ చెప్పారు. బ్లాకులేమీ లేవన్నారు. మాత్రలు వాడుతున్నాడు, ఇప్పుడు పంపింగ్ 35కి వచ్చింది. డాలస్‌లో ఉంటున్న మా పెదనాన్న గారబ్బాయి అక్కడ జీన్ థెరపీ వచ్చిందనీ, సెలైన్‌లా చేతికి ఎక్కించేస్తారనీ అంటున్నాడు. రక్తం ఎలాగూ గుండెలోంచే పోతుంది కదండీ, ఎక్కిస్తే చేరిపోదా? మరి ఇంతకాలం ఎందుకు రాలేదు?
— పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: అమ్మా, మీరడిగింది చాలా మంచి ప్రశ్న. కాకినాడలో పాఠాలు చెప్పే రోజుల్లో వైద్య విద్యార్థులు కూడా ఇదే అడిగేవారు. ఒంట్లో రక్తమంతా ఇంచుమించు నిమిషానికోసారి గుండె గదుల్లోంచి వెళ్తుంది, నిజమే. కానీ గదుల్లోంచి పోయే రక్తం గోడలోకి ఇంకదు. గుండె గోడ అంటే కండరం. దానికి కావలసిన రక్తం కరొనరీ ధమనుల్లోంచి విడిగా రావాలి. కదలకుండా కూర్చున్నప్పుడు గుండె పంపే రక్తంలో ఆ కండరానికి దక్కేది సుమారు 5 శాతం, అంటే నిమిషానికి పావు లీటరు. చేతి నరంలోకి ఎక్కించిన మందులో ఒక చుట్టుకి గుండె కండరం ముఖం చూసేది అంతే.

ఆ కాస్తా అయినా కండరంలోకి దిగుతుందా అంటే, అక్కడే అసలు చిక్కు. మన డెల్టావాళ్ళకి ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరంలో వదిలిన నీరు శివారు చేనుకి చేరాలంటే ప్రధాన కాలువ, లాకులు, పిల్లకాలువ, చివరికి బోదె దాటి రావాలి. ఎగువవాళ్ళు తోడేసుకుంటే శివారుకి తడి కూడా అందదు. ఒంట్లో ఆ ఎగువ రైతు కాలేయం. కాలేయంలోని సన్నటి రక్తనాళాల గోడలకి సహజంగానే చిన్న చిన్న రంధ్రాలుంటాయి, మందు తేలిగ్గా లోపలికి పోతుంది. గుండెలోని సన్నటి నాళాల గోడలు ఎక్కడా సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. అందుకే నరానికి ఎక్కించిన జన్యువులో పెద్ద వాటా కాలేయం పాలవుతుంది.

ఇంతకీ ఎక్కించేదేమిటో చెప్పాలి. జన్యువు అంటే డీఎన్‌ఏ ముక్క. అది తనంతట తాను కణం పొరని దాటలేదు. కణంలోకి దూరడం వైరస్‌లకి బాగా తెలుసు. అందుకని వైరస్‌లోంచి దాని సొంత జన్యువులు తీసేసి, పైపెంకు ఉంచి, లోపల మనకి కావలసిన జన్యువు పెడతారు. గుండెకి ఎక్కువగా వాడేది ఏఏవీ అనే వైరస్. 1965లో వేరే వైరస్‌ని పరీక్షిస్తుంటే అందులో కల్తీగా కనిపించింది. మనుషులకి దీనివల్ల ఫలానా జబ్బు వస్తుందని ఇంతవరకూ తేలలేదు. సుమారు 25 నానోమీటర్ల పరిమాణం, అంటే మామూలు మైక్రోస్కోపుకి అందనంత చిన్నది. దీంట్లో ఎన్నో రకాలున్నాయి, తొమ్మిదో రకానికి గుండె, కండరాల వైపు మొగ్గెక్కువ.

గుండె కణాలకి ఇంకో గుణం ఉంది. అవి దాదాపు విభజన చెందవు. పాతికేళ్ళ వయసులో ఏడాదికి సుమారు 1 శాతం కణాలే కొత్తగా వస్తాయని 2009లో స్వీడన్ శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. చచ్చిపోయిన కండరం మళ్ళీ పెరగకపోవడానికి కారణం ఇదే. జన్యు చికిత్సకి ఆశ కలిగించేదీ ఇదే, ఎందుకంటే ఒకసారి చేరిన జన్యువు కణం విడిపోయి పలచబడిపోకుండా ఏళ్ళ తరబడి అక్కడే పనిచేయగలదు. చేరడమే కష్టం.

ఆ చేర్చడానికి ఏం చేశారో చూడండి. చేతి నరం కాదు, నేరుగా కరొనరీ ధమనిలోకే పంపుదాం అనుకున్నారు. మన యాంజియోగ్రామ్ గొట్టమే. అమెరికా, యూరప్‌లలో క్యూపిడ్ అనే ట్రయల్ జరిగింది. బలహీనపడ్డ గుండె కణంలో కాల్షియాన్ని లోపలి సంచిలోకి తోడే సెర్కా2ఏ అనే ప్రొటీను తగ్గిపోతుంది. ఆ కాల్షియం కదలిక సరిగా లేకపోతే కండరం గట్టిగా ముడుచుకోదు, పూర్తిగా వదులూ కాదు. ఆ ప్రొటీను తయారుచేసే జన్యువుని ఏఏవీలో పెట్టి, సుమారు 10 నిమిషాల పాటు కరొనరీలలోకి వదిలారు. మొదటి విడతలో 39 మంది, ఫలితాలు ఆశాజనకం. మేమంతా ఎంత సంబరపడ్డామో! రెండో విడతలో 250 మంది. 2015లో ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళకీ, అసలు మందు తీసుకున్నవాళ్ళకీ తేడా లేదు. తరవాత కొందరి గుండె కండరం ముక్కలు పరీక్షిస్తే అందులో వైరస్ డీఎన్‌ఏ చాలా చాలా తక్కువగా కనిపించింది.

అలా ఎందుకైందో యాంజియోగ్రామ్ చేసే గదిలో, అంటే క్యాథ్ ల్యాబ్‌లో నిలబడ్డవాళ్ళకి కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది. ఎడమ కరొనరీలోకి రంగుమందు వదలగానే తెరమీద నల్లగా కొమ్మలూ రెమ్మలూ పరుచుకుంటాయి. ఒకటి, రెండు, మూడు కొట్టుకోవడాలు. అప్పటికే కొమ్మలు పలచబడతాయి, మరో రెండు కొట్టుకోవడాలకి సిరల్లో మసకగా కనిపించి తెర ఖాళీ అయిపోతుంది. ధమనిలో వదిలిన జన్యువు పరిస్థితీ అంతే. కండరాన్ని పట్టుకునే వ్యవధి దానికి దొరకదు, కొట్టుకుపోయి మళ్ళీ కాలేయానికే చేరుతుంది.

ఆ వ్యవధి పెంచడానికి రకరకాలు ప్రయత్నించారు. ధమనిలో బెలూన్ ఉబ్బించి ప్రవాహం కాసేపు ఆపడం ఒకటి. వెనకదారి ఒకటి. గుండె రక్తం బయటికి వచ్చే పెద్ద సిరని మూసి, అక్కడినించి ఎదురుగా వైరస్‌ని నెట్టడం. ఆ ఒత్తిడికి నాళాల గోడలు కాస్త వదులై మందు కండరంలోకి దిగుతుంది. ఇది పందుల మీదా గొర్రెల మీదా ఎక్కువగా జరిగింది. ఇంకో బృందం గొర్రెల్లో గుండెని హార్ట్-లంగ్ మెషీన్ మీద పెట్టి, మిగతా ఒంటికి పోకుండా గుండె చుట్టూనే ఆ ద్రవాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పింది. కండరానికి బాగా పట్టింది. కానీ పంపింగ్ 20, 25 ఉన్న మనిషిని అంత పెద్ద ఆపరేషన్‌కి ఎక్కించడం మాటలా? ఇప్పుడు కరొనరీ దారినే, కాలేయం వైపు తక్కువ మొగ్గేలా పెంకు మార్చిన ఏఏవీతో ఇంకో ట్రయల్ నడుస్తోంది.

మీ పెదనాన్న గారబ్బాయి విన్న ‘చేతికి ఎక్కించే’ పద్ధతి కూడా ఉంది, అబద్ధం కాదు. డానన్ జబ్బు అని చాలా అరుదైనది ఉంది. ల్యాంప్2 అనే జన్యువు చెడిపోతే గుండె కణం తన చెత్త తాను శుభ్రం చేసుకోలేదు. మగపిల్లల్లో తీవ్రంగా వచ్చి చిన్న వయసులోనే గుండెమార్పిడి దాకా తీసుకెళ్తుంది. వాళ్ళకి తొమ్మిదో రకం ఏఏవీతో నరం ద్వారా జన్యువు ఎక్కించారు. తొలి దశలో 7గురు. కండరంలో ఆ జన్యువు తయారుచేసే ప్రొటీను కనిపించింది, మందమైన గోడలు తగ్గాయి. 2024లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అవి చదివిన రోజు నాకు నిజంగా కన్ను చెమర్చింది. కానీ ఎంత మోతాదో తెలుసా? కిలో బరువుకి 67 లక్షల కోట్ల వైరస్ రేణువులు. ఎగువన కాలేయం తోడుకోగా మిగిలినది శివారుకి అందాలంటే అంత వదలాలి. అంత వైరస్ పెంకుని ఒక్కసారి చూసేసరికి ఒంటి రక్షణ వ్యవస్థ ఎదురు తిరుగుతుంది. అంతకన్నా పెద్ద మోతాదు తీసుకున్న ఒకరికి సన్ననాళాల్లో గడ్డలు కట్టి కిడ్నీలు దెబ్బతిన్నాయి. 2025 మేలో తరవాతి దశ ట్రయల్‌లో ఒక రోగి కన్నుమూశారు. మందులకి అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ట్రయల్ ఆపించింది, ఆగస్టులో తగ్గించిన మోతాదుతో మళ్ళీ అనుమతించింది.

ఇక మీ తమ్ముడి సంగతి. గుండె పెద్దదయ్యే జబ్బు కుటుంబంలో వచ్చినప్పుడు ఎక్కువసార్లు దొరికే లోపం టైటిన్ అనే జన్యువులో. మన ఒంట్లో అతి పెద్ద ప్రొటీను అది. దాన్ని తయారుచేసే జన్యు సమాచారం సుమారు లక్ష డీఎన్‌ఏ అక్షరాలు. ఏఏవీ పెంకులో పట్టేది సుమారు 4,700 అక్షరాలు. అంటే దారి దొరికినా ఆ సరుకు అందులో పట్టదు. మీవాడికి ఏ జన్యువులో లోపముందో, అసలు ఉందో లేదో పరీక్ష చేయిస్తే తెలుస్తుంది. అది చేయించండి. పంపింగ్ 25 నుంచి 35కి వచ్చింది అని ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్ళిపోయారు, నేను మాత్రం అక్కడే ఆగిపోయానమ్మా. అది మాత్రల పుణ్యం. ఆ మాత్రలేవీ ఒక్కపూట కూడా మానకూడదు. ఒంట్లో బాగుందని ఎవరూ ఆపించకూడదు. ఎండుచేప, ఆవకాయ, అప్పడం మూడూ ఒకే కంచంలో ఉండకూడదు.

ప్రశ్న: నాకు 58 ఏళ్ళండి, రొయ్యల చెరువులు చేస్తాను. మూడు నాళాలు పూడిపోయాయి, బైపాస్ చేయాలన్నారు. అందులో ఒకటి మరీ సన్నగా ఉంది, అక్కడ అతకలేమన్నారు సర్జన్ గారు. గుండె కండరంలోకే సూదితో జన్యువు పొడిస్తే కొత్త నాళాలు మొలుస్తాయట కదా. అది వచ్చేదాకా బైపాస్ ఆపుకోవచ్చా?
— భీమవరం పాఠకుడు

జవాబు: ఆపుకోకండి. ముందు ఈ మాట రాసి, ఆ తరవాతే కారణం చెబుతున్నాను.

సూదితో నేరుగా కండరంలోకి ఇవ్వడం పాత ఆలోచనే. రక్తనాళాలు మొలవమని కణాలకి సంకేతమిచ్చే వీఈజీఎఫ్ అనే ప్రొటీను ఉంది. 1990ల్లో బోస్టన్‌లో డాక్టర్ జెఫ్రీ ఇస్నర్ బృందం దాని జన్యువుని వైరస్ లేకుండా ఉత్త డీఎన్‌ఏగా గుండెకండరంలోకి ఇచ్చింది. ఛాతీనొప్పి తగ్గిందని రోగులు చెప్పారు. దేశదేశాల్లో చాలామంది అదే బాట పట్టారు. తరవాత ఉత్తుత్తి సూది పొడిచినవాళ్ళతో పోల్చి చూస్తే, వాళ్ళకి కూడా నొప్పి తగ్గినట్టు తేలింది. ఛాతీనొప్పి అలాంటిది. నమ్మకం మీద కూడా తగ్గుతుంది. పోలిక లేని ఫలితాన్ని నమ్మకూడదని గుండె వైద్యులం అప్పుడు గట్టిగా నేర్చుకున్నాం.

ఈ పద్ధతిలో మంచి ఉంది. తక్కువ మందు చాలు, కాలేయానికి పోయేది తక్కువ, రక్తంలో వైరస్‌కి విరుగుడు ప్రొటీన్లు (యాంటీబాడీలు) ఉన్నా పెద్ద అడ్డు కాదు. లోటేమిటంటే ఒక్కో పోటు చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల మేరకే మందు వ్యాపిస్తుంది. పైగా కొట్టుకుంటున్న గుండె. సూది తీసీ తీయగానే కండరం నొక్కుకుని కొంత మందు వెనక్కి చిమ్మేస్తుంది. గొట్టం లోపలినించి పంపి, గుండె లోగోడ పటం కంప్యూటర్‌లో గీసుకుంటూ, ఏ చోట బతికున్న కండరం ఉందో అక్కడే పొడిచే పరికరాలూ వచ్చాయి. ఒక చోట రక్తం చాలక బాధపడే మీలాంటివారికి ఇది పనికొచ్చే దారి. గుండె మొత్తం జబ్బుపడ్డ మొదటి ఉత్తరంలోని అబ్బాయికి పనికిరాదు.

ఈమధ్య చేసినదొకటి చెప్పాలి. బైపాస్ ఆపరేషన్ జరుగుతుండగానే, ఛాతీ తెరిచి ఉన్నప్పుడు, వీఈజీఎఫ్ ఎంఆర్ఎన్‌ఏని, అంటే ఆ ప్రొటీను తయారుచేయమని కణానికి చెప్పే తాత్కాలిక ప్రతిని, కండరంలో 30 చోట్ల పొడిచారు. ఎంఆర్ఎన్‌ఏ కొద్ది రోజుల్లో కరిగిపోతుంది. నాళాలు మొలవడానికి ఆ కొద్దిరోజుల సంకేతమే చాలు, ఏళ్ళ తరబడి ఉంటే పిచ్చి నాళాలు పెరిగే ప్రమాదం. మందు తీసుకున్నవాళ్ళు 7గురు, ఉత్తుత్తి మందు 4గురు. ప్రమాదమేమీ జరగలేదు. అంతమందితో లాభం తేల్చడం కుదరదు. గమనించండి, అది కూడా బైపాస్‌కి తోడుగా ఇచ్చినదే, బదులుగా ఇచ్చింది కాదు. మీ సర్జన్ గారు అతకగలిగిన రెండు నాళాలు మీకు ఇప్పుడే, ఈ నెలలోనే దొరుకుతాయి. చెరువు పట్టుబడి అయ్యాక వెళ్దామని వాయిదా వేయకండి.

ప్రశ్న: నమస్తే మేడమ్. బీఎస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. వైరస్ అంటేనే భయం కదా, అదే ఎందుకు? కరోనా టీకాలో వాడిన కొవ్వు బొట్లలో పెట్టి పంపొచ్చు కదా?
— విద్యార్థిని, ముమ్మిడివరం

జవాబు: తల్లీ, నువ్వూ మీ ఇంట్లోవాళ్ళూ కోవిషీల్డ్ వేయించుకుని ఉంటే వైరస్ వాహకం మీ భుజంలోకి ఎప్పుడో వెళ్ళింది. అది చింపాంజీల అడినోవైరస్‌ని మార్చి తయారుచేసిన టీకా. కొద్ది రోజులు ఒక ప్రొటీను చేయించి, ఒంటికి కరోనాని పరిచయం చేసి వెళ్ళిపోతుంది. టీకాకి రక్షణ వ్యవస్థని రెచ్చగొట్టడమే కావాలి. చికిత్సకి సరిగ్గా అదే వద్దు. 1999 సెప్టెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ళ కుర్రాడు అడినోవైరస్ జన్యు చికిత్స తీసుకున్న నాలుగు రోజులకే చనిపోయాడు. అతనిది కాలేయ జబ్బు, కాలేయ ధమనిలోకే ఇచ్చారు. ఒంటి రక్షణ వ్యవస్థ విజృంభించి అవయవాలన్నీ దెబ్బతిన్నాయి. అప్పటినుంచి ఈ రంగం చాలా ఏళ్ళు తల దించుకుని నడిచింది. ఏఏవీ మీద మొగ్గు పెరగడానికి అదీ ఒక కారణం. బయోటెక్నాలజీ చదివే ప్రతి పిల్లకీ ఆ అబ్బాయి పేరు తెలియాలి.

కొవ్వు బొట్ల మాట. మంచి ఆలోచన, చాలామంది దాని మీదే ఉన్నారు. చిక్కు మళ్ళీ కాలేయమే. నరంలోకి వెళ్ళగానే ఆ బొట్లకి రక్తంలోని ఏపీఓఈ అనే ప్రొటీను అంటుకుంటుంది. దాన్ని చూసి కాలేయ కణాలు కొలెస్ట్రాల్ అనుకుని లోపలికి లాగేసుకుంటాయి. ఆ గుణాన్నే ఉపయోగించుకుని గుండెజబ్బుకి మందు చేయబోయినవాళ్ళున్నారు. ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీను కాలేయంలో తయారై, చెడిపోయి, గుండె గోడలో మేటవేస్తుంది. గుండె దాకా పోవడమెందుకు, ఆ ప్రొటీను పుట్టే చోటే ఆపేద్దామని కొవ్వు బొట్లలో జన్యువుని కత్తిరించే క్రిస్పర్ కత్తెర పెట్టి కాలేయానికి పంపారు. 2021లో మొదటి 6గురిలో రక్తంలో ఆ ప్రొటీను బాగా పడిపోయింది. గుండె రోగులతో పెద్ద ట్రయల్ మొదలైంది. 2025లో ఒక రోగికి తీవ్రమైన కాలేయ సమస్య రావడంతో దాన్ని ఆపాల్సి వచ్చింది. అయినా ఆ ఆలోచన నాకెంతో నచ్చింది. గుండెకి దారి దొరకనప్పుడు, ఆ గుండె జబ్బు నిజంగా ఎక్కడ పుడుతోందో వెతికారు చూశావా! ఎమ్మెస్సీ చేయాలనుంటే ఇలాంటి చోట వెతుకు.

ప్రశ్న: మా బావగారికి గుండె వీక్. ఒకాయన ఇంటికొచ్చి, ఊళ్ళో ఇంకా ఇద్దరికి చేయించానని చెప్పి, ‘జీన్ మరియు స్టెమ్ సెల్ ఇంజెక్షన్’ 12 లక్షలన్నాడు. సగం ముందు కట్టాలట. వాళ్ళు కొబ్బరితోట అమ్మడానికి బేరం పెట్టారు. ఏం చేయమంటారు?
— రావులపాలెం పాఠకుడు

జవాబు: బాబూ, ఈ పత్రిక పట్టుకుని ఈ సాయంత్రమే మీ బావగారింటికి వెళ్ళండి. తోట బేరం ఆపించండి.

గుండె బలహీనతకి జన్యు చికిత్స ఏదీ ఇవాళ మన దేశంలో అమ్మకానికి లేదు. గుండెకి మూలకణాలు ఎక్కించడాన్ని కూడా ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చికిత్సగా ఒప్పుకోలేదు. ట్రయల్‌గా తప్ప ఇవ్వకూడదు. ట్రయల్ అయితే డబ్బు కట్టించుకోకూడదు. ఆ మనిషిని మూడు అడగండి. ట్రయల్ అయితే సీటీఆర్ఐ నంబరేది? 2009 నుంచి దేశంలో ప్రతి క్లినికల్ ట్రయల్ ఆ రిజిస్ట్రీలో నమోదు కావాలి, ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. తెలుగులో రాసిన అంగీకార పత్రమేది? ఏ వైరస్‌లో ఏ జన్యువు, ఏ దారిన గుండెకి పంపుతారు? ఇంతవరకూ ఈ పేజీ చదివినవారికి ఈ మూడో ప్రశ్న బలం తెలుస్తుంది. లోకంలో అంతంత ప్రయోగశాలలు దారి దొరక్క తంటాలు పడుతుంటే, ఈయనకి ఏ దారి దొరికిందో ఆయన నోటితోనే చెప్పమనండి.

నిజమైన పని మన దగ్గరా జరుగుతోంది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో రక్తం గడ్డకట్టని హీమోఫీలియా-ఏ రోగులు 5గురికి జన్యు చికిత్స చేసి 2024 డిసెంబరులో ఫలితాలు ప్రకటించారు. వాళ్ళ రక్త మూలకణాలు బయటికి తీసి, ప్రయోగశాలలో జన్యువు పెట్టి, తిరిగి ఎక్కించారు. రక్తకణాలని అలా తీసి పెట్టొచ్చు. గుండె కండరాన్ని బయటికి తీసి, మార్చి, మళ్ళీ పెట్టలేం. వెల్లూరు పేరు చెప్పి గుండెకి మందు అమ్మేవాడి మాట అక్కడే తేలిపోతుంది. బావగారి ఎకో రిపోర్టులు, వాడే మాత్రల చీటీ తీసుకుని కాకినాడ ప్రభుత్వాసుపత్రి గుండె విభాగంలో ఒకసారి చూపించండి. చాలామందికి మాత్రల మోతాదు పెంచాల్సినంత పెంచి ఉండరు, అక్కడే సగం మేలు మిగిలిపోయి ఉంటుంది.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మా ఆయన 42 ఏళ్ళకే చేలో పడిపోయి ప్రాణం వదిలారు. మా మరిదికి ఈమధ్య ఎకో తీస్తే గుండె గోడ 19 మిల్లీమీటర్ల మందం ఉందన్నారు, పుట్టుకతో వచ్చే జబ్బన్నారు. మా అమ్మాయిని మా ఆడపడుచు కొడుక్కి ఇద్దామని చిన్నప్పటినుంచీ అనుకుంటున్నాం. జన్యువు ఎక్కిస్తే ఇది పోతుందా?
— ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, మీ కష్టం చదివి చాలా సేపు కలం కదల్లేదు.

గోడ మామూలుగా 11, 12 మిల్లీమీటర్లు దాటదు. 19 అంటే మీ మరిదిగారిది గుండె కండరం మందమయ్యే జన్యు జబ్బే అయ్యుండాలి. మీవారు అలా పోవడానికీ అదే కారణం కావచ్చు. ఈ జబ్బు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క చెడ్డ ప్రతి వచ్చినా చాలు, బిడ్డకి సగానికి సగం అవకాశం. అందుకని మొదట మీ అమ్మాయికి, తరవాత మీ ఆడపడుచు గారికి, ఆవిడ కొడుక్కి ఈసీజీ, ఎకో తీయించండి. మరిదిగారి రక్తంతో జన్యు పరీక్ష చేయిస్తే ఏ జన్యువో దొరుకుతుంది. ఆ తరవాత తక్కినవాళ్ళలో ఆ ఒక్కదాన్నే వెతకొచ్చు, ఖర్చూ తగ్గుతుంది.

పెళ్ళి మాట. మీవారు, మరిది, ఆడపడుచు ఒక తల్లి పిల్లలు. ఆ చెడ్డ ప్రతి మీ అమ్మాయికీ వచ్చి, మీ ఆడపడుచు ద్వారా అబ్బాయికీ వచ్చి ఉంటే, వాళ్ళకి పుట్టే బిడ్డకి రెండూ చెడ్డవే వచ్చే ప్రమాదముంది. అలా పుట్టిన పిల్లలకి పాలు తాగే వయసులోనే గుండె దెబ్బతినవచ్చు. పరీక్షలు అయ్యేదాకా ముహూర్తం పెట్టకండి. మేనరికం వద్దు అని ఊరికే అనడం లేదు. ఇద్దరిలో ఒక్కరికైనా ఆ లోపం లేదని తేలితే ఆ భయం చాలావరకు తీరుతుంది.

ఈ జబ్బులో తరచు చెడేది ఎంవైబీపీసీ3 అనే జన్యువు. మన తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోదగ్గ పరిశోధన దీని మీదే జరిగింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్ గారు, సహచరులు 2009లో ఈ జన్యువులో 25 అక్షరాలు లేకపోవడం మన ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉందని చూపించారు. ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు, కొందరికి వయసు మీద పడ్డాక గుండె బలహీనపడుతుంది. కాబట్టి రిపోర్టులో ఆ మాట కనిపించిందని బెంబేలు పడక్కర్లేదు.

జన్యువు ఎక్కించడం గురించి అడిగారు. ఎంవైబీపీసీ3లో ప్రొటీను తయారుచేసే సమాచారం సుమారు 3,800 అక్షరాలే, ఏఏవీ పెంకులో పడుతుంది. అమెరికాలో దాన్ని నరం ద్వారా పెద్దవాళ్ళకి ఇచ్చి చూస్తున్నారు. ఇంకా ట్రయల్ దశే. అది తేలేలోగా మరిదిగారికి చేయవలసినవి చాలా ఉన్నాయి. గుండె లయ తప్పితే షాకిచ్చి నిలబెట్టే ఐసీడీ అనే పరికరం ఆయనకి అవసరమేమో గుండె లయ నిపుణులతో తేల్చుకోండి. కుటుంబంలో చిన్న వయసులో హఠాన్మరణం ఉందని ఆ డాక్టరుకి మొట్టమొదట చెప్పండి, వాళ్ళ నిర్ణయంలో ఆ సంగతికి చాలా బరువుంది. అప్పటిదాకా మరిదిగారు బస్తాలు మోయడం, ఈతలో పందేలు మానేయాలి.

ప్రశ్న: ఒకసారి ఇచ్చిన జన్యు మందు పనిచేయకపోతే రెండోసారి ఇవ్వచ్చా?
— నరసాపురం పాఠకుడు

జవాబు: ఏఏవీతో అయితే ఇప్పటికి కుదరదు. ఒక్కసారి అంత మోతాదులో ఆ పెంకుని చూశాక ఒంట్లో దానికి విరుగుడు యాంటీబాడీలు విపరీతంగా పుడతాయి, ఏళ్ళ తరబడి ఉంటాయి. రెండోసారి ఇస్తే గుండె దాకా వెళ్ళకముందే ఆ యాంటీబాడీలు వైరస్‌ని పట్టేస్తాయి. పెంకు రకం మార్చినా, ఒక రకానికి పుట్టిన యాంటీబాడీలు ఇంకో రకాన్ని కూడా కొంత పట్టుకుంటాయి. అసలు మందే తీసుకోనివాళ్ళలో కూడా చాలామందికి చిన్నప్పుడు సహజంగా ఏఏవీ సోకి యాంటీబాడీలు ఉంటాయి. అందుకే ట్రయల్‌లో చేర్చుకునే ముందు రక్తం తీసి అవి ఎంతున్నాయో చూస్తారు, ఎక్కువుంటే పంపేస్తారు. మీకు తెలిసినవాళ్ళెవరైనా విదేశాల్లో ఏఏవీ ట్రయల్‌లో చేరాలనుకుంటే, చేరే ముందు ఈ ఒక్క సంగతి ఆ డాక్టర్లని అడగమనండి: ఇది పనిచేయకపోతే, రేపు ఇంతకన్నా మంచి పెంకుతో మందు వచ్చినప్పుడు నాకు ఆ అవకాశం ఉంటుందా?